తొమ్మిదో తోటకు పూత

పోయిన నెల జగ్గయ్యపేట వెళ్ళి నాన్న జిరాక్సు, శుభలేఖల షాపు ఖాళీ చేయించాను. మోకాళ్ళు సహకరించక నాన్న షట్టరు దించేసి ఏడాది దాటింది. "సామాన్లు నువ్వే వచ్చి చూసుకో, నాకు ఏదీ పారేయబుద్ధి కాదు" అని ఫోన్లో అన్నాడు. అన్నట్టే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, నేను బయట పెట్టిన ప్రతి వస్తువునూ మళ్ళీ లోపల పెట్టించాడు. చెక్క బీరువా జరిపితే దాని వెనక గోడకు ఆనించి ఒక కాగితాల కట్ట కనిపించింది. అచ్చు చెడిపోయిన పెళ్ళి శుభలేఖలు. నాన్న వాటిని పారేసేవాడు కాదు, వెనకవైపు తెల్లగా ఉంటుందని దాచేవాడు. ఆ తెల్లవైపు ఇంగ్లీషులో ఏదో ప్రింటు ఉంది. రెండు వాక్యాలు చదివేసరికి గుర్తుపట్టాను. అది నేను రాసిందే. పంతొమ్మిదేళ్ళ వయసులో ఒక వీడియో గేమ్ అభిమానుల వెబ్‌సైట్‌కి నేను రాసిన వ్యాసం. మీద అంతా ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

"నాన్నా, ఇది నువ్వెప్పుడు ప్రింటు తీశావ్?" అని అడిగాను.

"నువ్వు కాలేజీకి పోయినప్పుడు తీసా" అన్నాడు, పెద్ద విషయం కానట్టు. "పేరు పడుద్ది కదా నీది. తప్పులుంటే ఎవరికి నామోషీ? మాటకీ మాటకీ మధ్య స్పేసులు రెండేసి కొట్టేదానివి. అయ్యన్నీ కంప్యూటర్లో తీసేసి పెట్టా. నీకు తెలియలా."

ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు. నాన్నకు ఇంగ్లీషు పెద్దగా రాదు. అక్షరాలు మాత్రం తెలుసు. పెళ్ళి కార్డుల్లో అచ్చుతప్పు పట్టడానికి ఆయన చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదివేవాడు. అర్థం వెంట పడితే కన్ను తప్పును దాటేస్తుందని ఆయన లెక్క. నా వ్యాసాన్ని కూడా అలాగే కింది నుంచి పైకి చదివి ఉంటాడు. ఒక్క ముక్క అర్థం కాకుండా, ఒక్క అక్షరం వదలకుండా.

ఆ కాగితాలు పట్టుకుని ఖాళీ గదిలో కింద కూర్చుంటే ఆ రోజుల వాసనలన్నీ ఒక్కసారి లేచాయి. వీధి వైపు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక పూసల తెర. తెరకు ఇవతల వేడెక్కిన జిరాక్సు మిషను వాసన, కొత్త కార్డులకు పూసిన సెంటు వాసన, బంక వాసన. అవతల నుంచి అమ్మ పెట్టే దోసకాయ పప్పు తాలింపు. పొద్దున తొమ్మిదింటి నుంచి పాసుపుస్తకాల జిరాక్సుల కోసం చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వచ్చేవారు. పదకొండు దాటితే పెళ్ళివారు. పన్నెండు నుంచి మూడింటి దాకా షాపు చల్లబడేది. నాన్న భోంచేసి, కుర్చీలోనే తల వెనక్కి వాల్చి కునుకు తీసేవాడు. మూడింటికి కరెంటు పోయేది. ఆ మూడు గంటలూ కంప్యూటరు నాది.

ఆ కంప్యూటర్లోకి ఆ ఆటను తెచ్చింది సునీత. నేను నందిగామలో డిగ్రీ చదివేదాన్ని, పొద్దుటిపూట కాలేజీ, పదకొండుకల్లా వదిలేసేవారు. రోజూ పేట నుంచి బస్సు. సునీతది చందర్లపాడు. వాళ్ళ నాన్న బడిలో ఇంగ్లీషు మాస్టారు, చర్చిలో ప్రసంగాలు కూడా చేసేవారు. అందుకని ఆ పిల్ల నోట్లో ఇంగ్లీషు మంచినీళ్ళలా పారేది. మేమంతా తెలుగు మీడియం వాళ్ళం. ఇంగ్లీషు రాయడమంటే గైడులోది బట్టీపట్టి పరీక్షలో దింపడమే. ఒకరోజు సునీత బ్యాగులోంచి ఒక సీడీ తీసి, "మా అన్న బెజవాడలో కొన్నాడే. వాడికి తుపాకులు లేని ఆట నచ్చలా. నీకిచ్చేస్తన్నా" అంది.

ఆట పేరు నైన్ ఆర్చర్డ్స్. ఒక దీవి, దాని మీద తొమ్మిది పాడుబడ్డ తోటలు. ఆడేవాళ్ళు తోటమాలి. పాదులు తవ్వి, నీళ్ళు పోసి, ఒక్కో తోటనూ మళ్ళీ కాపుకు తేవాలి. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో ఐదు నిమిషాలు. తోటమాలి రాత్రి పడుకున్నప్పుడే ఆట సేవ్ అవుతుంది. ఈ మధ్యలో కంప్యూటరు ఆగితే ఆ రోజు పని అంతా పోయినట్టే. ఎనిమిది తోటలు కష్టపడితే కాసేవి. తొమ్మిదో తోటలో మాత్రం ఒక్కటే పెద్ద చెట్టు. దానికి పేరు లేదు. ఎన్ని నీళ్ళు పోసినా ఆకు దట్టంగా వేసేది గానీ పూసేది కాదు. ఆట చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. అడగడానికి ఎవరూ లేరు.

ఆ అడగడానికి ఎవరూ లేనివాళ్ళంతా చేరిన చోటు గేట్‌హౌస్. అది ఆ ఆట అభిమానులు సొంతంగా నడుపుకునే వెబ్‌సైటు. ఏ తోటకు ఏ ఎరువు, ఏ కాలంలో ఏ కొమ్మ కత్తిరించాలి, అన్నీ వ్యాసాలుగా రాసి పెట్టేవారు. రాసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో తెలియదు. అందరివీ మారుపేర్లే. మొదటిసారి నందిగామ నెట్ సెంటర్లో ఆ సైటు తెరిచినప్పుడు ఒక్కో బొమ్మ పై నుంచి కిందికి మెల్లగా దిగుతుంటే, నేనూ సునీతా ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, దిగినంత మేర చదువుతూ పోయాం. ప్రపంచంలో ఇంకెక్కడో కూడా ఎవరో ఈ చెట్టు గురించే తల పట్టుకుని కూర్చున్నారని తెలియడం ఎంత సంతోషమో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. ఆ చెట్టుకు వాళ్ళొక పేరు కూడా పెట్టుకున్నారు, అలిగిన చెట్టు అని.

సైటు అడుగున ఒక వాక్యం ఉండేది. వ్యాసాలు రాయడానికి వాలంటీర్లు కావాలి, జీతం లేదు, ఆసక్తి ఉంటే చాలు అని. సునీత వద్దన్నకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. మొదటి తోట మీద రెండు పేజీలు రాసి పంపాను. మారుపేరు అడిగితే ఏం తోచక మా ఊరి పేరులోంచి 'పేట' అని కొట్టాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆ సైటుకు ఎడిటరు ఒకావిడ, మారుపేరు హెరాన్, అంటే కొంగ. నా రెండు పేజీలనూ ఆమె సగానికి సగం తిరగరాసి, చివర ఒక్క మాట పెట్టింది: పేటా, మీరు తోటను బాగా చూస్తారు, మా రచయితల జాబితాలో మీ పేరు చేరుస్తున్నాను. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో! బస్సులో కిటికీ దగ్గర కూర్చుని, పేట చేరేదాకా మనసులో దాన్ని అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. నేను రచయితని. ఎవరో కొంగ చెప్పింది.

నాన్నకు చెబితే మొదట అడిగింది జీతం గురించే.

"జీతం లేదు నాన్నా. అందరూ ఊరికే రాస్తారు."

"ఊరికే ఎందుకు రాస్తారే ఎవరన్నా?"

 మళ్ళీ నాన్నే, "నెట్టుకి ఫోను లైను పన్నెండు నుంచి మూడింటి దాకే. ముహూర్తాలున్న రోజుల్లో అసలు ముట్టుకోమాక. పెళ్ళోళ్ళు ఫోన్ చేస్తే ఎంగేజ్ రాకూడదు" అన్నాడు. అది ఒప్పుకున్నట్టే.

తర్వాత నేను చేసిన పని గురించి రాయడం నాకు ఇప్పటికీ ఇబ్బందే. రెండో వ్యాసం రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. మొదటిదాన్ని హెరాన్ ఎంత దిద్దిందో చూశాక నా ఇంగ్లీషంటే నాకే సిగ్గేసింది. ఇంకో సైటులో నేను రాయబోయే తోట గురించే ఎవరో చక్కగా రాసింది కనబడింది. అందులోంచి నాలుగు పేరాలు ఎత్తి, మధ్యలో నావి రెండు ముక్కలు అతికి పంపేశాను. పరీక్షల్లో గైడులోంచి దించడం అలవాటైన చేయి కదా. అది తప్పని తెలియక చేశానని చెప్పుకుందామనుకున్నాను గానీ, పంపే ముందు తలుపు వైపు ఎందుకు చూశానో నాకు తెలుసు.

ఒక్కరోజులో హెరాన్ పట్టేసింది. ఆమె రాసిన ఉత్తరంలో కోపం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. మీ భాషలో తప్పులు దిద్దడానికే నేనున్నాను, ఇంకొకరి మాటలను మాత్రం వేయలేను, ఆ తోటలో నిలబడి మీరు ఏం చూశారో అది రాయండి, మేం దాన్ని చూడలేదు అని రాసింది. నెలాఖరులోగా నా సొంత వ్యాసం ఒకటి రాకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తానంది. మర్నాడు కాలేజీలో సునీతకు చూపించాను. ఓదారుస్తుందేమో అనుకున్నాను.

"నీది కాదని నాకు మొదటి లైన్లోనే తెల్సే" అంది. "అందులో 'నెవర్‌దిలెస్' అని ఉంది. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడన్నా ఆ మాట అన్నావా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలా?"

"చెప్తే పంపేదానివి కాదు. పంపకపోతే ఈ సిగ్గు ఉండేది కాదు. ఇప్పుడు ఉందిగా, రాయి."

సరిగ్గా ఆ వారమే తాతయ్య మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ వాళ్ళ నాన్న. రెడ్డిగూడెంలో మామిడితోట ఆయనది. బెజవాడలో కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించి, పల్లెలో దుమ్మని, మూడు వారాలు పేటలో ఉంచుకుంది అమ్మ. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ, దానిమీద నల్ల అద్దాలు. రెండో కంటికి కూడా శుక్లమే, మసక తప్ప ఏమీ కనబడదు. మడత నలగని తెల్ల పంచె, భుజాన తువ్వాలు, తెల్లారకముందే లేచి వాకిట్లో చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. "సరిగ్గా పూత టయానికి నన్ను తెచ్చి ఇక్కడ కూచోబెట్టారు" అని రోజుకు పదిసార్లు అనేవాడు. గాలి కొంచెం మారితే, "మంచు పడతందా అమ్మాయ్? మబ్బేసిందా?" అని అడిగేవాడు. పూత మీద మబ్బు పడితే తేనెమంచు పురుగు పడుతుందని ఆయన బెంగ. టీవీ చూడొద్దన్నారు, పేపరు చదవొద్దన్నారు. అందుకని మధ్యాహ్నం నేను కంప్యూటరు ముందు కూర్చుంటే తన కుర్చీ నా పక్కకు లాగించుకునేవాడు.

"ఏందే అమ్మాయ్ ఆ టిక్కుటిక్కు? గింజలు ఒలుస్తన్నావా?"

"కంప్యూటర్ తాతయ్యా. ఆటాడుతున్నా. తోట పెంచే ఆట."

"తోట పెంచటం ఆటంటే?" అని గట్టిగా నవ్వాడు. "అయితే నేనిన్నేళ్ళూ ఆడుకుంటన్నానన్నమాట. సరే, ఏముంది అక్కడ? నాకు కనపడదుగా, నువ్వు చెప్పు."

"చెట్టుంది."

"చెట్టుందంటే నాకేం తెలుస్తది? ఎంత చెట్టు? మాను ఎట్టుంది? ఆకు గుండ్రంగా ఉందా, పొడుగ్గా ఉందా?"

నేను మొదటిసారి ఆ చెట్టును నిజంగా చూశాను. అంతకుముందు నెలల తరబడి దాన్ని చూస్తూనే ఉన్నాను, కానీ ఒక్కసారీ మాటల్లో చెప్పాల్సి రాలేదు. మాను లావుగా, నల్లగా, గరుకుగా ఉందన్నాను. ఆకు పొడుగు, అంచులు నున్నగా ఉన్నాయి, ముదురు పచ్చ అన్నాను. తాతయ్య ముందుకు వంగాడు.

"కొత్త చిగురు ఏం రంగులో వస్తంది?"

తెర మీద కొమ్మ చివరకు దగ్గరగా వెళ్ళి చూశాను. "ఎర్రగా. ఎరుపు కూడా కాదు. రాగిచెంబు రంగు."

"మామిడే అది" అన్నాడు తాతయ్య. ఇంత ఆలోచన కూడా లేదు. "నీళ్ళు ఎప్పుడు పెడతన్నారు?"

"రోజూ తాతయ్యా. అందరూ రోజూ పెట్టమనే రాశారు."

"రోజూనా!" కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "పూతకు ముందు మామిడికి నీళ్ళు పెడతారంటే ఎవరన్నా? పెడితే చిగురేస్తది, పూత ఎందుకు పూస్తది? రెండు నెలలు చుక్క నీళ్ళు పెట్టకూడదు. బెట్టకు రావాలి చెట్టు. దాహంతో అల్లాడాలి. అప్పుడు పూస్తది చూడు, ఆకు కనపడకుండా!"

 ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తలలు బద్దలు కొట్టుకుంటున్న చిక్కు అది. కంటికి గుడ్డ కట్టుకున్న మనిషి, తెర వైపు ఒక్కసారి కూడా చూడకుండా, మా పూసల తెర పక్కన కూర్చుని విప్పేశాడు. వెంటనే నీళ్ళు ఆపేశాను. రెండు నెలలంటే అరవై రోజులు, రోజుకు ఐదు నిమిషాలు. రెండు మధ్యాహ్నాలు పడుతుంది. ఆకులు వాలిపోవడం మొదలైంది. చెట్టు దాహంగా ఉందని ఆట పదేపదే హెచ్చరించింది, నీళ్ళ డబ్బా బొమ్మ కింద మూలన వెలుగుతూ ఆరుతూ ఉంది. అందరూ అక్కడే భయపడి నీళ్ళు పోసేసి ఉంటారని అప్పుడు అర్థమైంది. రెండో రోజు మధ్యాహ్నం కొమ్మల చివర్ల లేత పసుపు చుక్కలు కనబడ్డాయి. కాసేపట్లో చెట్టంతా పూతే.  పాపం ఇన్నాళ్ళూ దాహంతో ఉందని, సంతోషం పట్టలేక, డబ్బా ఎత్తి ఇన్ని నీళ్ళు పోశాను. మర్నాటి ఉదయానికి, అంటే ఐదు నిమిషాలకు, పూతంతా నేల మీద ఉంది.

"పూత మీద నీళ్ళు పెట్టావా? రాలక ఏం జేస్తది?" అన్నాడు తాతయ్య.

"నువ్వు చెప్పలేదుగా తాతయ్యా!" దాదాపు ఏడుస్తూ అన్నాను.

"నువ్వడగలేదుగా. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ముట్టుకోకూడదు. అప్పుడు పెట్టు, ఎంత పెడితే అంత ఊరుద్ది."

మళ్ళీ మొదటి నుంచి. నెలాఖరుకు వారం కూడా లేదు. ఆదివారం తాతయ్య ప్రయాణం. నేను ఈసారి పక్కన నోటుపుస్తకం పెట్టుకుని తాతయ్య అన్న ప్రతి మాటా రాసుకున్నాను. తాతయ్య ఉండే చివరి రోజు శనివారం. కాలేజీ అయ్యాక సునీత చందర్లపాడు బస్సెక్కకుండా నాతో పేట వచ్చేసింది. మేం వచ్చేసరికి షాపులో పెళ్ళివాళ్ళెవరూ లేరు గానీ, పాసుపుస్తకం జిరాక్సు కోసం చెవిటికల్లు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇంకో ఇద్దరు రైతులు ఉన్నారు. తాతయ్య వాళ్ళకు అప్పటికే కథంతా చెప్పేసినట్టున్నాడు. జిరాక్సులు చేతికొచ్చినా ఎవరూ కదల్లేదు.

ఆకులు వాలినప్పుడు సునీత ఆగలేకపోయింది. "చచ్చిపోతందే, కొంచెం పొయ్యి" అంది. వెనక నుంచి చెవిటికల్లు పెద్దాయన, "నీళ్ళు పెట్టమాకమ్మా! ముదురు చెట్టు చావదు" అని కేకేశాడు. రెండో రైతు నిమ్మకైనా అంతేనన్నాడు. మూడో ఆయన కాదు, నిమ్మ లెక్క వేరన్నాడు. వాళ్ళిద్దరి వాదన మధ్యలో పూత వచ్చింది. "పూసింది!" అని నేను అరిచిన అరుపుకు వెనక గదిలోంచి అమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? ఏంటా కేకలు?" అంది.

"పూత వచ్చిందమ్మా!"

"మన తోటకా?" అంది అమ్మ, ముఖం విప్పారి. అందరం నవ్వాం. తాతయ్య మాత్రం నవ్వలేదు. "ముట్టుకోమాక, ముట్టుకోమాక" అంటూ నా భుజం పట్టుకున్నాడు.

పిందె కట్టింది. సునీత తెరకు ముక్కు ఆనించి, "బఠాణీ గింజంత. కాదు, ఇంకొంచెం. ఆ, ఇప్పుడు!" అంది. నీళ్ళు పోశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మూడు కూడా కాలేదు. ఫ్యాను ఆగింది, పాత యూపీఎస్ కీచుకీచుమని మొదలెట్టింది. ఇంకా తోటమాలి నిద్రపోలేదు. సేవ్ అవ్వాలంటే ఆ రోజు గడవాలి, మూడు నిమిషాలన్నా పడుతుంది. ఆ యూపీఎస్ మీద జిరాక్సు పక్కనున్న ప్రింటరు, ట్యూబులైటు కూడా ఉండేవి. అంత భారంతో అది నిమిషం కూడా నిలబడదు. నేను నాన్న వైపు తిరిగాను. నాన్న అప్పుడు ఎవరిదో పెళ్ళి కార్డు ప్రూఫు ప్రింటు తీస్తున్నాడు. కాగితం సగం బయటికి వచ్చి ఉంది. ఆయన ఒక్క క్షణం ఆ కాగితం వైపు చూసి, వంగి ప్రింటరు ప్లగ్గు పీకేశాడు. ట్యూబులైటు ప్లగ్గూ పీకేశాడు. ఎండకు షట్టరు సగం దించి ఉండటంతో చీకటైన షాపులో తెర ఒక్కటే వెలుగుతూ ఉంటే, తాతయ్య పోను ఏడుగురం, ఒక బొమ్మ మనిషి మెల్లగా గుడిసె వైపు నడవడం, తలుపు తీయడం, మంచం మీద వాలడం చూశాం. సేవ్ అయిందన్న మాట పడింది. చెవిటికల్లు పెద్దాయన చప్పట్లు కొట్టాడు. యూపీఎస్ అంతకు మించి ఓపిక పట్టలేదు.

"ఎట్టా ఉందో చెప్పు" అన్నాడు తాతయ్య చీకట్లో. ఆ సాయంత్రమంతా చెప్పాను. నా వ్యాసాన్ని మొదట తెలుగులో, నోటితో, ఆయనకే రాశాను. నేనొక వాక్యం చెబితే ఆయనొక ప్రశ్న అడిగేవాడు. ఎన్ని రోజులు? ఆకు వాలిందంటే ఎంత వాలింది? జవాబు చెప్పాక ఆ వాక్యం పెరిగేది. ఇంకా ప్రశ్న మిగలనప్పుడు తర్వాతి వాక్యం. సునీత పక్కనే కూర్చుని ఇంగ్లీషులోకి నేను మార్చుకుంటుంటే స్పెల్లింగులు మాత్రం చెప్పింది, మాటలు అందించలేదు. నెవర్‌దిలెస్ లేకుండా, నాకు తెలిసిన చిన్న చిన్న మాటలతో పూర్తయింది. గడువు ఆఖరి రోజు, సోమవారం, కాలేజీ నుంచి వచ్చాక పంపాను. ఆ మధ్యలో నాన్న ఎర్ర పెన్ను దాని మీద నడిచిందని పోయిన నెల దాకా నాకు తెలియదు.

మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు నందిగామ నెట్ సెంటర్లో తెరిస్తే, సైటు మొదటి పేజీలోనే ఉంది, పేట వాళ్ళ తాతయ్య పద్ధతి అనే పేరుతో. హెరాన్ ఉత్తరం రెండే వాక్యాలు: స్పెల్లింగులు తప్ప దేన్నీ ముట్టుకోలేదు, ముట్టుకోవాలనిపించలేదు, మీ చెట్టు నాకూ పూసింది. సునీత నన్ను గట్టిగా వాటేసుకుంటే పక్క క్యాబిన్లోవాళ్ళు తలలెత్తి చూశారు.

ఇప్పుడు మా అమ్మాయి ఏ ఆటలోనైనా చిక్కుకుంటే ఫోను తెరుస్తుంది. ఎవరో గబగబా మాట్లాడుతూ మొత్తం చూపించేస్తారు. అర నిమిషంలో పని అయిపోతుంది. అందులో నాకు ఫిర్యాదు లేదు, మంచిగానే చెబుతున్నారు, పిల్ల హాయిగా ముందుకు పోతోంది. నేను తర్వాత పుస్తకాలు రాశాను, వాటికి జీతం లాంటిది కూడా కొంత వచ్చింది. సభల్లో, రాయడం ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారు. మొదట్లో పెద్ద పెద్ద పేర్లు చెప్పేదాన్ని. ఇప్పుడు నిజం చెబుతున్నాను: కళ్ళు కనబడని మనిషికి ఒక చెట్టును చూపించాల్సి వచ్చింది, అక్కడ నేర్చుకున్నాను అని. ఊరికే ఎందుకు రాస్తారని ఆ రోజు నాన్న అడిగిన దానికి మాత్రం ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేను. కానీ ఆ రోజుల్లో నాలో ఉన్న ఉత్సాహం, ఆ పరుగు, తర్వాత ఏ పుస్తకం విడుదలకూ అంతగా రాలేదు.

వ్యాసం కింద పాఠకుల మాటలు రోజురోజుకూ పెరిగాయి. కిటికీ బయట మంచు కురుస్తుంటే తెర మీద చెట్టును ఎండబెడుతున్నామని ఒకరు. తమ బాల్కనీలో కుండీలో ఉన్న నిమ్మచెట్టుకు ఈ పద్ధతి పనికొస్తుందా అని ఇంకొకరు. కాలేజీ సెలవులివ్వగానే అవన్నీ కాగితాల మీదికి దించుకుని, రెండు బస్సులు మారి రెడ్డిగూడెం వెళ్ళాను. కాయ కోతలు జోరుగా ఉన్నాయి. పాక కింద వరిగడ్డి పరిచి తాతయ్య రసాలు ఏరుతున్నాడు, నల్ల అద్దాలు లేవు, రెండో కంటికీ ఆపరేషన్ అయిపోయింది, రెండు కళ్ళతోనూ ఒక్కో కాయనూ తిప్పి చూసి పక్కన పెడుతున్నాడు. నేను ఎదురుగా గడ్డి మీద కూర్చుని ఒక్కో కాగితమూ తెలుగులో చదివాను. నిమ్మ ప్రశ్నకు చాలాసేపు ఆలోచించి, కుండీ అయితే పదిహేను రోజులకు మించి ఎండబెట్టొద్దని రాయమన్నాడు. రాసుకున్నాను. చివరి కాగితం చదవడానికి కొంచెం తటపటాయించాను.

"ఏంది, ఆగావ్?"

"ఒకాయన అడుగుతున్నాడు తాతయ్యా. ఈ తాతయ్య నిజంగా ఉన్నాడా, లేక వ్యాసం బాగుండాలని మీరు కల్పించారా అని."

తాతయ్య చేతిలో కాయను ఆపి నా వైపు చూశాడు. కోపమొస్తుందేమో అనుకున్నాను. ఆయన ముఖం నిండా మెల్లగా నవ్వు పరుచుకుంది, ఎవరో తనకు ఊహించని మర్యాద చేసినట్టు.

"ఉన్నానని రాయి" అన్నాడు. కాయను గడ్డిలో పెట్టి ఇంకోటి అందుకున్నాడు. "ఈ ఏడు కాపు బాగుందని కూడా రాయి."

ఆ రెండు వాక్యాలనూ సునీతకు చూపించకుండానే పంపాను.